గెలిచినా సభలోకి రానివ్వలేదు: జూలియన్ బాండ్ కథ

ప్రజలు గెలిపించిన మనిషిని, అతని అభిప్రాయాలు నచ్చలేదని సభ బయటే ఆపేయవచ్చా? 1966లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర శాసనసభ ఆ పని చేసింది.

జూలియన్ బాండ్ 1940లో నాష్‌విల్‌లో పుట్టారు. అట్లాంటాలోని మోర్‌హౌస్ కాలేజీలో చదువుతూనే నల్లజాతి విద్యార్థుల పౌరహక్కుల పోరాటంలోకి వచ్చి, ‘స్నిక్’ అనే సంఘానికి ప్రచార బాధ్యతలు చూశారు. కోర్టు ఆదేశాల మేరకు నియోజకవర్గాలు మారడంతో 1965లో రాష్ట్ర ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు.

1966 జనవరి 6న స్నిక్ వియత్నాం యుద్ధాన్ని, బలవంతపు సైనిక భర్తీని తప్పుపడుతూ ప్రకటన ఇచ్చింది. అది రాసింది బాండ్ కాదు. విలేకరి అడిగితే, తాను దానికి కట్టుబడి ఉన్నానన్నారు, అంతే. నాలుగు రోజుల తర్వాత ప్రమాణ స్వీకారానికి వెళితే 184 మంది వద్దన్నారు, రమ్మన్నది 12 మందే. బాండ్ కోర్టుకు వెళ్లారు. ఉప ఎన్నికలో మళ్లీ గెలిచి వచ్చినా తలుపు తెరవలేదు.

వయసు, నివాసం వంటి అర్హతలన్నీ ఆయనకున్నాయని రాష్ట్రం కూడా ఒప్పుకుంది. అయితే, యుద్ధం గురించి అలా మాట్లాడే వ్యక్తి రాజ్యాంగానికి కట్టుబడతానని మనస్ఫూర్తిగా ప్రమాణం చేయలేడన్నది దాని వాదన. వినడానికి సబబుగానే అనిపిస్తుంది. కానీ ఎదుటివాడి మనసులో ఏముందో తేల్చే అధికారం సభలో మెజారిటీకి ఇస్తే, రేపు తమకు గిట్టని ఎవరినైనా అదే సాకుతో ఆపవచ్చు. 1966 డిసెంబరు 5న అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఈ ప్రమాదాన్నే ఎత్తిచూపింది. శాసనసభ్యుడు సామాన్య పౌరుడికంటే ఆచితూచి మాట్లాడాలన్న వాదననూ ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ తోసిపుచ్చారు. వివాదాస్పద విషయాల మీద ప్రతినిధి నోరు విప్పితేనే కదా, అతను తమకు తగినవాడో కాదో ఓటర్లకు తెలిసేది! ఈ తీర్పులో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఈ మాటే. ఇందులో బాండ్ హక్కుతో పాటు ఆయనకు ఓటేసిన అట్లాంటా పేటల హక్కు కూడా ఉంది.

1967 జనవరిలో ఆయన సభలో కూర్చున్నారు. 1968లో డెమొక్రాటిక్ మహాసభలో ఉపాధ్యక్ష పదవికి ఆయన పేరు ప్రతిపాదిస్తే, రాజ్యాంగం అడిగే 35 ఏళ్లు తనకు నిండలేదని తప్పుకున్నారు. 1975 నుంచి 1987 వరకు రాష్ట్ర సెనేట్‌లో ఉన్నారు. 1986లో అమెరికా కాంగ్రెస్‌కు వెళ్లాలని పార్టీ ప్రైమరీలో నిలబడి, స్నిక్ నాటి సహచరుడు జాన్ లూయిస్ చేతిలో ఓడిపోయారు. ఈసారి ఆయన్ను వద్దన్నది ఓటర్లు.