స్కాన్ మందు నదిలో ఏమవుతుంది?

ఎం.ఆర్.ఐ. స్కాన్‌కు వెళ్ళిన కొందరికి చేతి నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తారు. అందులో ఉండేది గెడోలీనియం, అరుదైన మృత్తిక లోహాల్లో ఒకటి. కిడ్నీలు బాగా పనిచేసేవారిలో చాలావరకు ఒక్క రోజులోనే మూత్రంలో పోతుంది. నీళ్ళు బాగా తాగమని మా నర్సులు చెబుతారు. ఆ తర్వాత దాని సంగతి ఎవరమూ తలచుకోం.

మామూలు మురుగునీటి శుద్ధి కేంద్రాలు దాన్ని ఆపలేవు. జర్మనీ నదుల్లో అది చేరిందని 1996లోనే శాస్త్రజ్ఞులు తెలియజేశారు.

విడిగా ఉన్న గెడోలీనియం విషం. కాల్షియం అంత పరిమాణంలోనే ఉండి, కణాల్లోకి కాల్షియం వెళ్ళే దారులను మూసేస్తుంది. చేపకైనా మనకైనా గుండె కొట్టుకోవడానికి ఆ దారులే ఆధారం. అందుకే మందులో దాన్ని వేరే పదార్థంతో గట్టిగా బంధించి ఉంచుతారు.

ఆ బంధం విలువ రైన్ నదిలోని ఆల్చిప్పల్లో కనబడింది. 2015లో వెలువడిన పరిశీలన ప్రకారం, వోర్మ్స్ పట్టణం దగ్గర ఒక ఫ్యాక్టరీ వదిలిన లాంథనం, సమేరియం వాటి చిప్పల్లోకి ఎక్కాయి. ఇవీ ఆ కుటుంబపు లోహాలే. నీటిలో ఉన్నా, స్కాన్ల గెడోలీనియం మాత్రం ఎక్కలేదు. నాకది కొంత ఊరట.

డాక్టరుగారు రాసిన స్కాన్ మానకండి. పాత స్కాన్ ఫిల్ములు తప్పక తీసుకురండి, అనవసరంగా రెండోసారి మందు ఎక్కించే పని తప్పవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవారు ముందే చెప్పండి.