భయంతో పోరాడకండి, వంతెన దాటండి

కొవ్వూరు నుంచి రాజమండ్రి వెళ్లే బస్సు గోదావరి వంతెన మీద సగం దూరం పోయేసరికి మా అన్నయ్య గుండె హఠాత్తుగా దడదడలాడసాగింది. అరచేతులు తిమ్మిరెక్కాయి. ఊపిరి అందలేదు. కింద నది, ముందూ వెనుకా వాహనాల వరుస. 1974లో ప్రారంభమైన ఆ రోడ్డు-రైలు వంతెన మీద రహదారి సుమారు నాలుగు కిలోమీటర్లు సాగుతుంది. మధ్యలో దిగిపోవడానికి తావు లేదు. తన ఆయువు తీరిపోయిందనే అతడు నిశ్చయంగా నమ్మాడు.

రాజమండ్రిలో వైద్యుడు గుండెను పరీక్షించాడు, నెత్తురు పరీక్షలు చేయించాడు, థైరాయిడ్ గ్రంథిని కూడా విడిచిపెట్టలేదు. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. "మీకేమీ లేదండీ, ధైర్యంగా ఉండండి" అని పంపివేశాడు. ఇంతకన్న నిరాశ కలిగించే శుభవార్త మరొకటి ఉండదేమో! ఏమీ లేకపోతే ఆ దడ ఎక్కడి నుంచి వచ్చినట్లు?

అది కల్పన కాదు. ప్రమాదం ఎదురైనప్పుడు మన శరీరం అడ్రినలిన్ అనే స్రావాన్ని రక్తంలోకి వదులుతుంది. గుండె వేగం హెచ్చుతుంది, ఊపిరి తొందరపడుతుంది, చెమటలు పోస్తాయి. పరుగెత్తడానికో, కలబడడానికో శరీరం చేసుకునే సన్నాహమిది. పాము కనిపించినప్పుడు ఇదే మనలను కాపాడుతుంది. పాము లేని చోట ఈ సన్నాహం జరిగితే మనిషి దిక్కుతోచక పాము తన లోపలే ఉన్నదనుకుంటాడు. ఇటువంటి ఉపద్రవం సాధారణంగా కొద్ది నిమిషాలలో పరాకాష్ఠకు చేరి, తరువాత దానంతట అదే దిగిపోతుంది. ఇది మళ్ళీ మళ్ళీ వస్తూ, మళ్ళీ వస్తుందేమోనన్న బెంగ మనిషి నడవడినే మార్చివేసినప్పుడు వైద్యులు దానిని పానిక్ డిజార్డర్ అంటారు.

అన్నయ్య బ్యాంకు ఉద్యోగి. లెక్క తప్పడం సహించని మనిషి. తన భయాన్ని కూడా లెక్కల పుస్తకంలో పట్టుకోబోయాడు. నాలుగు గంటలకు నిద్ర లేచి ప్రాణాయామం, తరువాత నడక, రాత్రి డైరీలో ఆనాటి దడకు నూటికి ఇన్ని మార్కులని రాసుకోవడం. వంతెన మీద పళ్ళు బిగించి, "ఈరోజు భయపడను" అని ప్రతిజ్ఞ చేసేవాడు. ప్రతిజ్ఞ చేసిన రోజే దడ ముందుగా వచ్చేది. సాయంత్రం ఇంటికి వచ్చి, "నేనొక పిరికివాణ్ణి వదినా! పిల్లలకు నా ముఖం ఎలా చూపించను?" అని మా పెద్దవదిన దగ్గర వాపోయేవాడు.

మూడు నెలలలో అలసిపోయాడు. అప్పుడు బంధువులందరూ ఏకమై, "నాయనా, నిన్ను నువ్వు హింసించుకోకు, విశ్రాంతి తీసుకో" అన్నారు. దీర్ఘకాలిక సెలవు పెట్టాడు. మొదట వంతెన మానుకున్నాడు. తరువాత బస్సు, ఆ తరువాత సంత, చివరకు కొవ్వూరులోని పెళ్ళిళ్ళు. ఏడాది తిరిగేసరికి అతని లోకం ఇంటి అరుగు దగ్గర ముగిసింది. ఇది దయ అనుకున్నాము. నిజానికి భయానికి మేమందరం కలిసి తలుపులు తీసిపెట్టాము. ఒక చోటును తప్పించుకున్న క్షణంలో కలిగే ఊరట ఎంత తియ్యనిదంటే, మెదడు దానినే పాఠంగా నేర్చుకుంటుంది: "పారిపోయాను కాబట్టి బ్రతికాను" అని.

కొరడా పనిచేయలేదు, పరుపు కూడా పనిచేయలేదు. మరి శ్రమించడమా, ఊరకుండడమా?

ఈ ప్రశ్నకు నాకు తెలిసిన ఉత్తమమైన సమాధానం ఆస్ట్రేలియా దేశీయురాలైన క్లేర్ వీక్స్ జీవితంలో ఉన్నది. 1903లో పుట్టిన ఆమె మొదట జంతుశాస్త్రజ్ఞురాలు. పిల్లలను కనే బల్లిజాతుల మీద పరిశోధన చేసి, సిడ్నీ విశ్వవిద్యాలయం నుంచి డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టం పొందిన తొలి మహిళ అయింది. యౌవనంలోనే ఆమెకు క్షయ సోకిందని వైద్యులు పొరపాటున నిర్ణయించారు. శానిటోరియంలో వేరే పని లేక తన గుండె చప్పుడునే వింటూ గడిపింది. క్షయ లేదని తేలిన తరువాత కూడా ఆ దడ ఆమెను విడువలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో పాల్గొని వచ్చిన ఒక మిత్రుడు ఆమె గోడు విని, కందకాలలో సైనికులకు కూడా ఇలాగే గుండె కొట్టుకునేదని, ఆమె దడకు భయపడుతున్నది కనుకనే దడ పోవడం లేదని చెప్పాడు. ఆ మాటతో ఆమెకు దారి కనిపించింది.

తరువాత వైద్యవిద్య అభ్యసించి 1945లో పట్టభద్రురాలైన ఆమె, 1962లో ‘సెల్ఫ్ హెల్ప్ ఫర్ యువర్ నెర్వ్స్’ అనే పుస్తకం ప్రచురించింది. మొదటి భయం వేరు, రెండవ భయం వేరు అని ఆమె బోధ. మొదటిది శరీరంలో తటాలున లేచే అల. దాని మీద మనకు అధికారం లేదు. "అయ్యో, మళ్ళీ వచ్చింది, నా గతేమిటి?" అని దానికి మనం జతచేసేది రెండవది. కాబట్టి భయాన్ని ఎదుర్కొని, రానిచ్చి, దానితోపాటు తేలి, కాలాన్ని గడవనివ్వమన్నది. పోరాడమని మాత్రం అనలేదు.

తేలడమనే మాట మన పల్లెల్లో పెరిగినవారికి సులువుగా అర్థమవుతుంది. నడుముకు ఎండిన సొరకాయబుర్ర కట్టి మమ్మల్ని బావిలో దింపినప్పుడు, చేతులు కాళ్ళు టపటపా కొట్టుకున్నవాడే ఎక్కువ నీళ్ళు మింగేవాడు. ఒళ్ళు వదిలినవాణ్ణి నీరే మోసేది. అయితే, ఒళ్ళు వదలాలన్నా ముందు బావిలోకి దిగాలి కదా! గట్టు మీద కూర్చుని ఒళ్ళు వదిలితే ఈత రాదు.

శ్రమ ఎక్కడ పెట్టాలో, దయ ఎక్కడ చూపాలో ఇక్కడ తేలిపోతున్నది. కాళ్ళను కదిలించడానికి శ్రమ. లోపల లేచే దడ పట్ల దయ. మా అన్నయ్య ఈ రెంటినీ తారుమారు చేశాడు. దడను అణచడానికి సర్వశక్తులు ధారపోసి, కాళ్ళకు విశ్రాంతి ఇచ్చాడు.

చివరకు ఒక మానసిక వైద్యుడు అతనికి వేసిన ప్రణాళిక వింటే నవ్వు వస్తుంది, అంత చిన్నది. మొదటి వారం గోష్పాద క్షేత్రం ఘాట్‌లో అరగంట కూర్చుని వంతెనను చూడాలి. దడ వస్తే రానివ్వాలి, తగ్గేదాకా లేవకూడదు. తరువాత తమ్ముడి మోటారు సైకిలు వెనుక కూర్చుని వంతెన దాటాలి. ఆ తరువాత అతనితో బస్సులో, చివరకు ఒంటరిగా. జేబులో ధైర్యానికి పెట్టుకునే మాత్రలూ, చేతిలోని నీళ్ళ సీసా కూడా క్రమంగా మానాలి. లేకపోతే సీసాయే తనను కాపాడిందని మనసు అనుకుంటుందట. మార్కుల డైరీని వైద్యుడు తన దగ్గరే ఉంచుకున్నాడు. "భయపడ్డారా అని నేను అడగను, వెళ్ళారా అని మాత్రమే అడుగుతాను" అన్నాడు.

ఒకనాడు అన్నయ్య బస్సు ఎక్కి, వంతెన మొదట్లోనే దిగి వచ్చేశాడు. పాత అలవాటు ప్రకారం తనను తాను తిట్టుకుంటుంటే వైద్యుడు అడిగాడు: "మీ పిల్లవాడు సైకిలు నేర్చుకుంటూ పడితే ఏమంటారు?"

"లేపి, మోకాలికి మందు రాస్తాను."

"తరువాత?"

"మళ్ళీ ఎక్కిస్తాను."

అదే చేయండి అన్నాడు. మరునాడు తమ్ముడితో కలిసి మోటారు సైకిలు మీద వెళ్ళాడు. దూరం తగ్గించుకోవచ్చు, సహాయం తీసుకోవచ్చు, వెళ్ళడం మాత్రం మానకూడదు. దయ కూడా కొన్నిసార్లు తప్పించుకోవడానికి ముసుగు కాగలదు కనుక నేనైతే ఒక్కటే గమనిస్తాను: ఆ దయ మనిషిని రేపు గడప దాటిస్తుందా, లేక మరొక గడియ బిగిస్తుందా?

ఇదంతా ఎవరికి వారే చేసుకోవాలని కాదు. గుండె, థైరాయిడ్ వంటి వ్యాధులు లేవని ముందు వైద్యునిచేత నిర్ధారించుకోవాలి. కొందరికి కొన్ని నెలలపాటు మందులు అవసరమవుతాయి. మందు వాడడం ఓటమి కాదు. మా అన్నయ్యా వాడాడు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరు మీద ఫోను చేస్తే, ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

క్లేర్ వీక్స్ 1990లో మరణించింది. తనకు కూడా అప్పుడప్పుడు రాత్రివేళ ఆ దడ వస్తూనే ఉంటుందని వృద్ధాప్యంలో ఆమె ఒప్పుకున్నది. అందుకు ఎవరి సానుభూతీ తనకు అక్కరలేదన్నది కూడా!

అన్నయ్య ఇప్పుడు రోజూ రాజమండ్రి వెళ్ళి వస్తున్నాడు. మొన్న వానాకాలంలో ఒక లారీ చెడిపోయి, అతని బస్సు సరిగ్గా వంతెన మధ్య నలభై నిమిషాలు ఆగిపోయిందట. చెమటలు పట్టలేదా అని అడిగాను. "పట్టాయి. రుమాలుతో తుడుచుకున్నాను" అన్నాడు. ఆలస్యంగా వచ్చినందుకు మేనేజరు ఒక పూట సెలవు కోసేశాడని మాత్రం ఆ రాత్రంతా సణిగాడు.