గాయం మానినా బద్దకట్టు ఎందుకు?



“గాయం మానింది కదా సిస్టరమ్మా, ఇంకా ఈ బద్దకట్టు ఎందుకు?” అని కాలిన బిడ్డల తల్లులు అడుగుతుంటారు. కారణం ఇది.

గాయమైన చోట ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు గ్రోత్ ఫ్యాక్టర్లు అనే ప్రోటీన్లను విడుదల చేస్తాయి. వాటిలో టి.జి.ఎఫ్.-బీటా అనేది చర్మంలోని ఫైబ్రోబ్లాస్టు కణానికి కబురు అందిస్తుంది. అప్పుడు ఆ మెత్తని కణంలో కండరంలో ఉండే దారాల వంటివి ఏర్పడతాయి. కణం గట్టిపడి చుట్టూ ఉన్న పీచును లాగుతుంది. ఇలా మారిన కణాలను గబ్బియాని అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు 1971లో వివరించారు.

ఈ లాగుడు వల్లనే గాయం దగ్గరపడుతుంది. ఇది దేవుడిచ్చిన మేలు. మామూలు గాయం మూసుకున్నాక ఈ కణాలు చాలావరకు చనిపోతాయి. లోతుగా కాలినచోట మాత్రం నెలల తరబడి లాగుతూనే ఉంటాయి. గట్టిపడిన మచ్చే వాటిని పని మాననివ్వదు. అది మెడ, మోచేయి, వేళ్ల మీద అయితే కీలు ముడుచుకుపోతుంది.

కనుక:
• డాక్టరుగారు చెప్పినన్నాళ్లు బద్దకట్టు విప్పకండి.
• నేర్పిన వ్యాయామం రోజూ చేయించండి.
• మెడ ముందువైపు కాలితే తలగడ వేయకండి.

ఈరోజు బిడ్డ ఏడ్చిందని జాలిపడి విప్పితే, రేపు ముడుచుకున్న వేళ్లతో అన్నం కలుపుకోలేదు. అప్పుడు ఆపరేషన్ అవసరం కావచ్చు.