అనంతపుర సీమలో సీసపు గాజు

అనంతపుర సీమలో సాలుకు కురియు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. చెరువు నిండిన యేడు పండుగగా నెంచెడి యీ సీమలో, ఆ నీటికి కీడు చేయగల వస్తువొకటి అటకలమీదను, పాత సామానుల దొడ్లలోను పడియున్నను మన మంతగా గమనింపకున్నాము. అది వెనుకటి పెట్టె టెలివిజను.

ఆ పెట్టె బరువులో సగమునకు పైగా గాజే. అందు వెనుకవైపున గరాటువలె నుండు గాజులో నూటికి 20 మొదలు 25 పాళ్ల వరకు సీసపు ఆక్సైడు కలదు. గొట్టమున పుట్టు ఎక్స్ కిరణములు చూపరులకు సోకకుండుటకై దానిని కలిపిరి. గొట్టము పగులనంత కాలము సీసము గాజులోనే బందీయై యుండును. నుగ్గయినచో ధూళియై గాలిలోను, పులిసిన చెత్తనీటితో నేలలోను చేరును. రామగిరి గుట్టలపై మరలు త్రిప్పు గాలికి ధూళి యొక లెక్కయా? త్రాగునీటిలో లీటరునకు 0.01 మిల్లీగ్రామునకు మించి సీసముండరాదని మన ప్రమాణము. పసిబిడ్డల మెదడునకు కలుగు చెరుపు మరల మానునది కాదు. ఫ్లోరైడు నీటితో ఇదివరకే నొచ్చిన పల్లెలకు ఈ రెండవ విషమేల?

పగులగొట్టువాడు పాత సామానుల వర్తకుడు. అతనిని నిందించుట సులభమే గాని న్యాయము కాదు. గొట్టపు మెడకు చుట్టిన రాగితీగకు అంగడిలో ధర కలదు, గాజునకు లేదు. పూర్వము ఆ గాజును కరగించి క్రొత్త గొట్టములు పోసెడివారు. పలుచని తెరలు వచ్చిన పిదప ఆ కర్మాగారములు మూతపడి గిరాకి పోయినది. ఇక నున్నవి రెండే త్రోవలు: తెరగాజునుండి గరాటును వేడితీగతో వేరుచేసి సీసపు కొలిమికి పంపుట, లేదా అపాయకర వ్యర్థముల గుంతలో భద్రపరచుట. అట్టి గుంతలు విశాఖ చెంత పరవాడలోను, హైదరాబాదు చెంత దుండిగల్లులోను కలవు. అనంతపురమునుండి అంత దూరము బండికూలి ఎవ్వరిత్తురు? ఒకప్పుడు బండలమోటులో భూమిని త్రవ్వి సీసపు ఖనిజమును తీసిన ఆంధ్రులము, చేతనున్న సీసమును వంకల పాలు చేయుట వింతయే.

తయారీదారులే బాధ్యులని 2011 నిబంధనలు చెప్పినవి. 2023 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చిన నిబంధనలక్రింద కంపెనీలు కొనవలసిన ధ్రువపత్రములు బంగారము, రాగి, ఇనుము, అల్యూమినియములను రాబట్టినవారికి లభించుచున్నవి. సీసపు గాజును జాగ్రత్తపరచినవానికి అట్టి పత్రము లేదు. అనగా శాసనము సయితము పాత సామానుల వర్తకుని త్రాసునే పట్టినది!

ఆ పట్టికలో గాజును చేర్చుట కేంద్ర ప్రభుత్వపు పని. అంతవరకు పురపాలక సంఘములు చేయగలది కలదు. గొట్టమును పగులగొట్టక తెచ్చినవానికి రాగి విలువకు మించి నాలుగు రూపాయలిచ్చి కొని, గోదాములో నుంచి, లారీ నిండినప్పుడు పంపివేయవచ్చును. ఆ ఖర్చు పెట్టెలమ్మి లాభము గడించిన కంపెనీలనుండి రాబట్టవలెను.