నవంబరు 1: ఒక తేది, పెక్కు చరిత్రలు

ఒకే తేదిన వేర్వేరు సంవత్సరములలో జరిగిన ఘట్టములను ఒకచోట కూర్చి చూచుట చరిత్రప్రియులకు వేడుక. అయితే అట్టి కూడికలన్నియు ఒక్క తీరువి కావు. కొన్ని కేవలము కాకతాళీయములు. కొన్ని ఒకే కారణమునుండి పుట్టినవి. మరికొన్ని పూర్వస్మృతిని పురస్కరించుకొన్నవి. నవంబరు 1వ తేదిలో ఈ మూడు తీరులును కానవచ్చును.

1858లో ఆనాడు అలహాబాదున విక్టోరియా రాణి ప్రకటన చదువబడినది. కంపెనీ పాలన తొలగి రాణి పాలన వచ్చినట్లు దేశమునకు తెలిసినది. 1954లో అదే తేదిన పుదుచ్చేరి, కారైకాల్, మాహె, యానాముల పరిపాలన ఫ్రెంచివారినుండి భారతప్రభుత్వమునకు సంక్రమించినది. ఈ రెండు ఘట్టములను కలుపునది తేది మాత్రమే.

1956 నాటి సంగతి వేరు. రాష్ట్రముల పునర్విభజన శాసనము అమలులోనికి వచ్చుటచే ఆంధ్రప్రదేశ్, కేరళ, విశాల మైసూరు, నూతన మధ్యప్రదేశ్ ఒక్కదినముననే ఏర్పడినవి. 1973లో మైసూరు తన అవతరణదినముననే కర్ణాటక అను పేరు దాల్చినది.

ఒకే తేది అందరికిని ఒకే అర్థము నీయదనుటకు బస్తరు సీమలోని గీదము తార్కాణము. ఈ పట్టణమునుండి ఒక త్రోవ జగదల్‌పూరునకును, ఒకటి దంతెవాడకును, మరియొకటి బీజాపూరు, భోపాలపట్నముల మీదుగా గోదావరి వైపునకును సాగును. చేరువనున్న బార్సూరులో 11వ శతాబ్దినాటి తెలుగు శాసనము లభించినది. ఓరుగల్లునుండి వచ్చిన అన్నమదేవుడు తమ మూలపురుషుడని బస్తరు రాజవంశీయుల సంప్రదాయము.

1948లో బస్తరు సంస్థానము మధ్యపరగణాలు, బేరారు రాష్ట్రమున విలీనమైనది. 1950లో ఆ రాష్ట్రమే మధ్యప్రదేశ్ అయినది. 1956 నవంబరు 1న గీదమువారి రాష్ట్రమునకు పేరు మారలేదు; రాజధాని మాత్రము నాగపూరునుండి భోపాలునకు మారినది. ఆనాడు గోదావరికి ఈవల తెలుగువారికి అది ఏకీకరణదినము. దక్షిణ బస్తరులో తెలుగు మాటాడు పల్లెలు సరిహద్దుకు ఆవలనే నిలిచినవి. 44 సంవత్సరములకు, 2000 నవంబరు 1న, ఛత్తీస్‌గఢ్ అవతరించి గీదమునకు రాయపూరు రాజధాని అయినది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడుటతో 1956 నాటి తెలుగు ఏకీకరణయు రెండు రాష్ట్రములుగా విడివడినది.

కనుక తేదుల పట్టికను చదువునప్పుడు ఏమి జరిగినదని మాత్రమే గాక, ఎవరికి ఏమి కలిగినదనియు, ఎవరు ఏ వైపున మిగిలిరనియు అడుగవలెను. తేది ఒక్కటే, దానిని చూచు గుమ్మములు పెక్కు.