వ్రేలాడే సక్యులెంట్ మొక్కలు

వ్రేలాడే సక్యులెంట్ మొక్కలు అనగా ఆకులలో గాని, కాండంలో గాని నీటిని నిల్వ చేసుకొని, కుండీ అంచుల నుండి క్రిందికి జారుతూ లేదా నేలపై ప్రాకుతూ పెరిగే మొక్కలు. ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవి కావు. వీటిలో ఎక్కువ భాగం పొడి ప్రాంతాలకు చెందినవి. అందువలన ఏటా 1000 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురిసే గోదావరి డెల్టాలో వీటికి నీరు పెట్టడం కంటే నీరు నిలువకుండా చూడటం ముఖ్యం.

లక్షణాలు

ఈ మొక్కలలో అనేకం పత్రరంధ్రాలను పగలు మూసి ఉంచి, రాత్రి తెరచి బొగ్గుపులుసు వాయువును గ్రహిస్తాయి. దీనిని క్రాసులేసియన్ ఆమ్ల జీవక్రియ అంటారు. దీని వలన ఆకుల నుండి ఆవిరయ్యే నీరు తగ్గి, మొక్క నీటి ఎద్దడిని తట్టుకుంటుంది. అయితే ఎడతెగని తడిలో వేళ్ళకు గాలి అందక, శిలీంధ్రాలు సోకి కుళ్ళిపోతాయి.

ముఖ్యమైన రకాలు

* నల్లేరు (సిస్సస్ క్వాడ్రాంగులారిస్): ద్రాక్ష కుటుంబానికి చెందిన దేశీయ తీగ. కాండం నాలుగు పలకలుగా ఉంటుంది. కంచెలపై ప్రాకుతుంది. లేత కాడలతో పచ్చడి చేస్తారు. ఇందులోని కాల్షియం ఆక్సలేట్ వలన పచ్చి కాడ దురద కలిగిస్తుంది. "నల్లేరు మీద బండి నడక" అనే జాతీయంలోని నల్లేరు ఇదే.
* గడ్డి గులాబి (పోర్చులాకా గ్రాండిఫ్లోరా): దక్షిణ అమెరికా మొక్క. టేబుల్ రోజ్ అని కూడా అంటారు. పూర్తి ఎండ ఉంటేనే పూలు బాగా విచ్చుకుంటాయి.
* స్ట్రింగ్ ఆఫ్ పెర్ల్స్: దక్షిణ ఆఫ్రికా మొక్క. ఆకులు ముత్యాల వలె గుండ్రంగా ఉంటాయి. పూర్వం సెనీషియో ప్రజాతిలో ఉండేది, ఇప్పుడు క్యూరియో ప్రజాతిలో చేర్చారు.
* డాంకీ టెయిల్ (సెడమ్ మోర్గానియానమ్): మెక్సికో మొక్క. ఆకులు తాకితేనే రాలుతాయి, రాలిన ఆకు నుండి కూడా కొత్త మొక్క వస్తుంది.

పెంపకం

రాజమహేంద్రవరం సమీపంలోని కడియం, కడియపులంక గ్రామాలు నర్సరీలకు ప్రసిద్ధి. డెల్టాలోని నల్లరేగడి, ఒండ్రు మట్టి నీటిని పట్టి ఉంచుతాయి కనుక వాటిని నేరుగా కుండీలో నింపరాదు. ఎర్రమట్టిలో ముతక ఇసుక, ఇటుక ముక్కలు కలిపి, ఈ రెండూ సగానికి తగ్గకుండా చూడాలి. కోనసీమలో విరివిగా దొరికే కొబ్బరిపొట్టు కూడా తడిని నిలుపుతుంది కనుక కొద్దిగా మాత్రమే వాడాలి. కుండీ అడుగున రంధ్రం తప్పనిసరి. మట్టి కుండీ త్వరగా ఆరుతుంది.

మట్టి పూర్తిగా ఆరిన తరువాతే నీరు పోయాలి. జూన్ నుండి నవంబరు వరకు, వర్షాల కాలంలో, కుండీలను చూరు క్రిందకు మార్చడం మంచిది. వేసవిలో స్ట్రింగ్ ఆఫ్ పెర్ల్స్, డాంకీ టెయిల్ మొక్కలకు మధ్యాహ్నపు ఎండ తగలరాదు. పెరటిలో నాటేటప్పుడు ఎత్తుగా మడి కట్టి, ఏటవాలు ఉంచాలి.

కొత్త మొక్కల కొరకు కాడను కత్తిరించి, కోసిన చోటు ఆరే వరకు రెండు మూడు రోజులు నీడలో ఉంచి నాటాలి.

జాగ్రత్తలు

కాండం మెత్తబడటం, ఆకులు పారదర్శకంగా మారడం కుళ్ళుకు గుర్తులు. అప్పుడు నీరు పోయడం మాని, గట్టిగా ఉన్న కొమ్మను వేరుచేసి తిరిగి నాటుకోవాలి. ఆకులు ముడుతలు పడితే అది సాధారణంగా నీటి కొరతకు గుర్తు. అయితే వేళ్ళు కుళ్ళినా ఇలాగే కనిపిస్తుంది కనుక ముందు మట్టిని పరిశీలించాలి. పిండినల్లి కనబడితే తడిగుడ్డతో తుడిచి, వేపనూనె కలిపిన నీటిని సాయంత్రం పిచికారీ చేయాలి. స్ట్రింగ్ ఆఫ్ పెర్ల్స్ తింటే విషం కనుక చిన్నపిల్లలకు, పెంపుడు జంతువులకు అందని ఎత్తులో వ్రేలాడదీయాలి.