ఆకులో తేడా.. కూలిలో కోత

కదిరి: బీడీ కార్మికులకు కూలి లెక్కగట్టేది వెయ్యి బీడీలకు. వేళ్లు ఎంత వేగంగా కదిలినా, తనిఖీలో పక్కన పడేసిన బీడీకి లెక్క ఉండదు. వర్షాధార వేరుశనగనే నమ్ముకున్న కదిరి ప్రాంతంలో పొలం పనులు లేని రోజుల్లో మహిళలకు ఇంటిపట్టున దొరికే పని బీడీలు చుట్టడం. అందులో లాభనష్టాలు తేల్చేది ముందుగా ఆకే.

చుట్టే తీరు ఇదీ..

సాయంత్రం తునికాకును నీటిలో తడిపి, నీరు కారిపోయాక తడి గోనెపట్టాలో చుట్టి ఉంచుతారు. తెల్లవారేసరికి ఆకు మెత్తబడుతుంది. రేకు కొలత పెట్టి కత్తెరతో ముక్కలుగా కత్తిరిస్తారు. ఒడిలో చాట పెట్టుకుని, ముక్కపై చిటికెడు పొగాకు పొడి పరచి, ఒక కొస సన్నగా, మరో కొస వెడల్పుగా వచ్చేలా చుడతారు. వెడల్పు కొసను గోటితో లోనికి మడిచి, సన్నని కొస వైపు దారం కడతారు. సాధారణంగా 25 బీడీలు ఒక కట్ట.

తరచూ వచ్చే లోపాలు

* వేసవిలో వడగాలికి ఆకు త్వరగా ఆరి, చుట్టేటప్పుడే పగులుతుంది. ఒక్కసారిగా కత్తిరించకుండా, మిగిలిన ఆకును తడిగుడ్డలో ఉంచాలి.
* నీరు ఎక్కువైతే బూజు పడుతుంది. ముసురు రోజుల్లో ఈ బెడద అధికం.
* లావు ఈనెలున్న ముక్క చుట్టినా విచ్చుకుంటుంది.
* పొడి తగ్గితే బీడీ డొల్లగా మారి ఆరిపోతుంది. బిగిసిపోతే పొగ రాదు.
* దారం బిగిస్తే ఆకు తెగుతుంది, వదులైతే ఊడుతుంది.

తప్పు ఎవరిది?

ఆకు, పొగాకు ఇచ్చేది గుత్తేదారు. ఆకును తూకం వేసి ఇస్తారు. చిల్లులు, మచ్చలున్న ఆకు తూకంలో సరిపోయినా ముక్కలు తక్కువే వస్తాయి. ఆ లోటును సొంత డబ్బుతో ఆకు కొని పూడ్చాల్సి వస్తే భారం కార్మికురాలిదే. ముడిసరుకు, తిరస్కరించిన బీడీల కూలిపై తలెత్తే వివాదాల పరిష్కారానికి 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టం వీలు కల్పించింది. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమలులోకి వచ్చింది. చట్టం ఏదైనా, ఆకు తీసుకున్న రోజే నాణ్యత చూసుకుని, తూకం, తిరస్కరించిన బీడీల సంఖ్య పుస్తకంలో రాయించుకోవడం మేలు. ఆధారం లేకుంటే వాదనకు బలం ఉండదు.

ఆరోగ్యం జాగ్రత్త

పొగాకు ధూళి ఊపిరితిత్తుల్లోకి, నికోటిన్ చర్మం ద్వారా ఒంట్లోకి చేరుతాయి. దగ్గు, మెడనొప్పి, నడుమునొప్పి ఈ వృత్తిలో సాధారణం. గాలి ఆడేచోట కూర్చోవడం, ముక్కుకు గుడ్డ కట్టుకోవడం, అన్నం ముట్టేముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం, చాటను పిల్లలకు దూరంగా ఉంచడం తప్పనిసరి.